‘ఒక గృహిణి’ చిరునామా

ఆ పత్రికాఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచే అలవాటు ఎవరికీ లేదు. ఇరవై మూడేళ్ళుగా పాఠకుల ఉత్తరాలు చూసుకుంటున్నాడు కాబట్టి సంపాదకుడి దగ్గర్నుంచి గేటు దగ్గరి కాపలా మనిషి దాకా అందరికీ ఆయన ఉత్తరాలాయనే. ఒకసారి ఎవరో ఫోన్ చేసి ఆయన్ని అసలు పేరుతో అడిగితే, అలాంటివాళ్ళు ఇక్కడెవరూ లేరని చెప్పి పెట్టేసింది కూడా ఆయనే.

ఆయన బల్ల మేడమెట్ల కింద ఉండేది. నిలబడితే నెత్తికి మెట్టు తగులుతుంది. అందుకని ఎంత పెద్దవాళ్ళు వచ్చినా ఆయన లేచేవాడు కాదు. గర్వమని కొందరనుకున్నారు, ఆయన కాదనలేదు. బల్ల మీద ఒక ఎర్ర పెన్సిలు, జిగురు సీసా, కవర్లు చించడానికి ఇత్తడి కత్తి. ఎదురుగా గోడకు అంటించిన పాత కాగితం ఒకటి. కుర్రతనంలో ఇంట్లోనే కూర్చుని పోస్టులో పాఠాలు తెప్పించుకుని జర్నలిజం చదివినప్పటి పుస్తకంలోంచి చించిన పేజీ అది. అందులో వరుసగా నాలుగు గళ్ళు: పంపేవాడు, సందేశం, మార్గం, అందుకునేవాడు. చివరి గడిలోంచి ఒక బాణం వంకర తిరిగి వెనక్కి మొదటి గడికి వస్తుంది. దాని పేరు ప్రతిస్పందన. మిగతా పాఠాలన్నీ ఆయన పరీక్ష కోసం చదివాడు గానీ ఆ బాణాన్ని మాత్రం మనసులో పెట్టుకున్నాడు.

"మీరంతా ఊరికి చెప్పేవాళ్ళు. ఊరు చెప్పేది వినేవాణ్ణి ఈ ఆఫీసులో నేనొక్కణ్ణే. ఆ వంకర బాణం ఉంది చూడండి, అది నేను" అనేవాడు కొత్తగా చేరిన ప్రతివాళ్ళతోనూ.

ఒకప్పుడు ఆ మాటలో నిజం ఉండేది. వీధి గోడకున్న ఉత్తరాల పెట్టె రోజూ నిండేది. వీధి దీపం గురించి, గుంతల గురించి, సీరియల్లో అత్తగారి ప్రవర్తన గురించి జనం పేజీలు పేజీలు రాసేవారు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. తిట్టాలనిపించిన క్షణంలోనే తిట్టేసే సౌకర్యం జేబులో ఉన్నాక, ఆ తిట్టును దాచుకుని, కాగితం తెచ్చుకుని, కవరుకు తపాలా బిళ్ళ అంటించి, పెట్టెలో వేసేంత ఓపిక ఎవరికుంటుంది? పెట్టెలో బస్సు టిక్కెట్లూ చాక్లెట్ కాగితాలూ పడటం మొదలైంది. ఒకరోజు సంపాదకుడు మెట్ల కిందికి వంగి చూసి, "ఉత్తరాలు లేకపోతే చెప్పవయ్యా, పేపర్లో ఆ ఉత్తరాల మూలలో జుట్టురంగు ప్రకటన వేసుకుందాం. నువ్వు మేడ మీద రాశిఫలాలు చూసుకుందువు గాని" అన్నాడు.

రాశిఫలాలు! ఊరు చెప్పేది విన్న మనిషి ఇప్పుడు గ్రహాలు చెప్పేది వినాలా? ఆయనకు కడుపు మండిపోయింది. ఆ మంటలోనే కూర్చుని, పార్కులో బల్లలు విరిగిపోయాయని ఒక ఉత్తరం తనే రాసి, కింద ‘ఒక విశ్రాంత ఉద్యోగి’ అని పెట్టాడు. మర్నాడు అది పేపర్లో పడింది. ఆకాశం ఏమీ విరిగి పడలేదు. మూడో రోజుకు ‘బాధిత ప్రయాణికుడు’ పుట్టాడు. వారం తిరిగేసరికి ‘మూడో వీధి వాసి’ పుట్టి, విశ్రాంత ఉద్యోగితో తగాదా పెట్టుకున్నాడు. ఇద్దరికీ సర్దిచెప్పడానికి ‘ఒక శ్రేయోభిలాషి’ రావలసి వచ్చాడు. అలా రెండేళ్ళలో ఆ మెట్ల కింద ఒక్క మనిషే ఒక పేట అంత జనాభాను పెంచి పోషించాడు. తప్పు కాదా అంటే తప్పే. ఆయనకూ తెలుసు. కానీ మూల మూతపడటం కంటే చిన్న తప్పనుకున్నాడు.

వాళ్ళందరిలోకీ ఊరికి నచ్చింది ‘ఒక గృహిణి’. ఆవిడ మాట పదును, సూటి. అబద్ధం ఆడుతున్నట్టు ఎక్కడా అనిపించేది కాదు. ఎలా అనిపిస్తుంది? ఆ మాటలన్నీ ఆయన తన ఇంట్లో భోజనం పీట దగ్గర ఏరుకుని తెచ్చుకున్నవి.

ఆయన పని సాయంత్రం ఆరింటికి మొదలవుతుంది. మధ్యాహ్నం ఇంట్లోనే భోజనం. భార్య వడ్డిస్తూ మాట్లాడుతుంది, ఆయన తింటూ ఊఁ అంటాడు. ఆ ఊఁ మూడు రకాలు. ఒకటి ‘చెవిన పడింది’ అని, రెండోది ‘ఇంకాస్త వడ్డించు’ అని, మూడోది ‘ఇక చాలు’ అని. ‘విన్నాను’ అనే ఊఁ ఆయన దగ్గర లేదు. ఆవిడ చెప్పుకునేది చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది. తమాషా ఏమిటంటే చెవి పనిచేస్తూనే ఉంది. మొగుడి చెవి మూసుకుని, పత్రిక చెవి తెరుచుకుని కూర్చునేవాడు. చెయ్యి కడుక్కుని, కిళ్ళీకని చెప్పులేసుకుని, వీధి మలుపు తిరగ్గానే జేబులోంచి చీటీ తీసి, ఆవిడ మాట మాటగా రాసేసుకునేవాడు. ఆ మాటలు ఆవిడవని ఆయనకు తోచనే లేదు. ఎర్ర పెన్సిలుతో రెండు కామాలు పెట్టింది తను కాబట్టి రాసింది తనేనని నమ్మాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన ఇంట్లో వినకుండానే రచ్చ గెలిచాడు.

ఆయన గెలుపుల్లో పెద్దది పోస్టాఫీసు గడియారం. ఒక మధ్యాహ్నం ఆవిడ, "పోస్టాఫీసు బయట గోడ గడియారం చూశారా? పది నిమిషాలు వెనకబడి నడుస్తోంది. ఎవరికీ పట్టదు" అంది. ఆయన ఊఁ అన్నాడు. మూడో రోజున ‘ఒక గృహిణి’ ఉత్తరం పడింది: ‘ఊరికి వేళ చెప్పాల్సిన గడియారమే నిద్రపోతే ఎవరు లేపాలి?’ ఆ పొద్దున్నే పోస్టుమాస్టరు స్టూలు ఎక్కి ముల్లును పది నిమిషాలు ముందుకు తోశాడు. ఉత్తరాలాయన కళ్ళారా చూశాడు. "చూశారా సార్, బాణం తగిలింది" అని సంపాదకుడికి చెప్పుకున్నాడు. ఫోనులో వేళ చూసుకోవడం మానేసి, రోజూ ఆఫీసుకు పోతూ తన చేతి గడియారాన్ని ఆ గోడ గడియారంతో సరిపెట్టుకునేవాడు. అది తను సరిచేయించిన కాలం కదా! అప్పట్నుంచీ ఆఫీసుకు ఎవరొచ్చినా ఆయన కంటికి పది నిమిషాలు ఆలస్యంగానే వచ్చేవారు. పోస్టాఫీసు కౌంటరు దగ్గర మాత్రం అయిదు కొట్టే వేళకు రోజూ గొడవ జరుగుతోందని వినికిడి. జనానికి క్రమశిక్షణ లేదని ఆయన తేల్చేశాడు.

తర్వాత నాలుగు నెలలకు కుళాయి ఉత్తరం పడింది. అసలు కథ అక్కడ మొదలైంది.

వాళ్ళ వీధికి నీళ్ళు మధ్యాహ్నం రెండుంబావుకు వదులుతారు. మూడు దాటాక ఆపేస్తారు. ఆవిడకు సినిమాలంటే ప్రాణం. సాయంత్రం ఆటకు వెళ్దామంటే ఆయనకు పేపరు పని. వారానికొకటి వచ్చే సెలవు రోజున ఆయన నిద్రకు అంకితం. మిగిలింది మధ్యాహ్నం ఆట. అది రెండున్నరకు మొదలవుతుంది. బిందెలన్నీ నింపి, తడి కొంగు పిండుకుని, పక్కింటి దర్జీ ఆవిడతో పరుగున హాలుకు చేరేసరికి విరామం గంట మోగేది. హాలు గేటు దగ్గరి ముసలాయన ఆవిడకు ‘రెండో సగం అమ్మగారు’ అని పేరు పెట్టాడు.

ఆ సంగతి ఆవిడ ఒక మధ్యాహ్నం భోజనం పీట దగ్గర చెప్పింది. అంతకు ముందు చాలాసార్లు చెప్పింది గానీ, ఆ రోజు వివరంగా, వరుసగా, మధ్యలో ఆగి ఆగి చెప్పింది, రాసుకునేవాళ్ళకు చెప్పినట్టు. నాలుగో రోజు పేపర్లో ఇలా పడింది:

‘అయ్యా, మా వీధికి మధ్యాహ్నం రెండుంబావుకు నీళ్ళు వదలాలని నిర్ణయించిన మహానుభావుడెవరో గానీ, ఆయన జన్మలో బిందె పట్టి ఉండడు. ఎనిమిదేళ్ళుగా నేను ఏ సినిమాకూ మొదటి సగం చూడలేదు. హీరో జైలు నుంచి విడుదల కావడం లెక్కలేనన్నిసార్లు చూశాను. దేనికి వెళ్ళాడో ఒక్కసారీ చూడలేదు. నేను వెళ్ళేసరికి హీరోయిన్ ఎప్పుడూ అలిగే ఉంటుంది. ఎందుకో తెలియదు. కారణాలన్నీ నేనే అల్లుకోవాలి. సగం సినిమాతో సరిపెట్టుకుంటున్న, ఒక గృహిణి.’

ఊరు గుప్పుమంది. ఆఫీసులో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆ ఉత్తరం కత్తిరించి వంటింటి గోడలకు అంటించుకున్నారు. నీళ్ళాఫీసు ముందు ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. వీటన్నిటికంటే వింత ఇళ్ళలో జరిగింది. ఎవరీ ‘ఒక గృహిణి’ అని మగవాళ్ళకు గుండెల్లో రాయి పడింది. మన ఇంట్లో మనిషే అయితే? రేపు మన సంగతి రాస్తే? తిన్న కంచం ఎన్నడూ తియ్యనివాళ్ళు కంచాలు తీశారు. ఒకాయన భార్యకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడట, ఆవిడ భయపడి ఒంట్లో బాగాలేదా అని అడిగిందట.

చివరికి సంపాదకుడు కూడా మెట్ల కిందికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఉత్తరాలాయనా, నిజం చెప్పు. ఆ ఉత్తరాలు మా వీధి వైపు నుంచి వస్తున్నాయా? ఆ మాట తీరు నాకెక్కడో విన్నట్టే ఉందయ్యా."

"ఎక్కడ సార్?"

"మా ఇంట్లోనే."

ఆ వారంలో ఊళ్ళో ప్రతి భర్తా తన భార్యను అనుమానించాడు. అనుమానించనివాడు ఉత్తరాలాయన ఒక్కడే.

సోమవారం సాయంత్రం నీళ్ళాఫీసు ఇంజనీరు పత్రికాఫీసుకు వచ్చాడు. బిందెల జనంతో వేగలేక మనిషి సగమయ్యాడు.

"వేళ మార్చడం నాకు నిమిషం పని సార్. తిప్పేది ఒక చక్రం. కానీ ఊరికే తిప్పితే రేపు నన్నడుగుతారు. ఆ రాసినావిడ కుళాయి నంబరుతో వచ్చి, అర్జీ మీద సంతకం పెడితే వారంలో మార్చేస్తాను. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. అసలు ఆవిడ ఉందా?"

"ఉందా ఏమిటి!" అని సంపాదకుడు బల్ల గుద్దాడు. "శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఇక్కడికే వస్తుంది. మొదటి పేజీలో ఫొటో వేస్తాం. ఏమయ్యా, చిరునామా నీ దగ్గరుందిగా?"

"ఉంది సార్" అన్నాడు ఉత్తరాలాయన. ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు.

ఇంజనీరు వెళ్ళాక సంపాదకుడు నెమ్మదిగా అన్నాడు. "ఆవిడ రాకపోయిందనుకో, పత్రిక పరువు పోతుంది. నీ మూలా పోతుంది, నువ్వూ పోతావు. ఆ కుళాయి వేళా మారదు. చూసుకో."

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పని. అరవడానికి లేదు, ఓర్చుకోవడానికి లేదు. మంగళవారం పక్కింటి దర్జీ ఆవిడను ‘ఒక గృహిణి’గా వచ్చి సంతకం పెట్టమని అడగాలని వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, కొలతలు తీసుకుంటుంటే భయపడి వెనక్కి వచ్చాడు. ఎవరిని అడిగినా సంగతి బయటపడుతుంది. ముఖ్యంగా ఇంట్లో బయటపడుతుంది. ఎందుకంటే ‘ఒక గృహిణి’కి ఆ ఊళ్ళో అందరికంటే పెద్ద అభిమాని ఆయన భార్యే. ఉత్తరాలన్నీ కత్తిరించి బీరువాలో చీరల కింద దాచుకుంది. "ఎంత బాగా రాస్తుందండీ! ఎవరో గానీ కడుపులోది తీసి రాస్తుంది" అనేది. ఆవిడ అంత మెచ్చుకున్న మనిషి ఒట్టి మోసమని, ఆ మోసం తనేనని తెలిస్తే ఆ ముఖం ఎలా అయిపోతుందో ఊహించుకోవడం కూడా ఆయన వల్ల కాలేదు. ఉద్యోగం పోతుందన్న భయం దీని ముందు చిన్నదైపోయింది.

బుధవారం సాయంత్రం ఉత్తరాల పెట్టె తాళం తీస్తే, చాక్లెట్ కాగితాల మధ్య ఒక కవరుంది. నిజమైన కవరు, బిళ్ళ అంటించిన కవరు. రెండేళ్ళలో మొదటిది. పైన ‘ఒక గృహిణి గారికి, ఉత్తరాల మూల ద్వారా’ అని రాసి ఉంది. ఆ రాత ఆయనకు కొత్త కాదు. పచారీ సామాను చీటీల మీద పదహారేళ్ళుగా చూస్తున్న రాత అది. ఇత్తడి కత్తి సంగతి మరిచిపోయి వేలితోనే చించాడు.

‘అక్కయ్యగారికి నమస్కారాలు. మా వీధికి కూడా నీళ్ళు రెండుంబావుకే. మీరు రాసేవన్నీ మా ఇంట్లో జరిగినట్టే ఉంటాయి. ఒక్కటే తేడా. మీ మాట పేపరు దాకా వెళ్ళిందంటే, ముందు మీ ఇంట్లో ఎవరో కూర్చుని విన్నారన్నమాట. మావారు నేనేం చెప్పినా ఊఁ అంటారు. పదహారేళ్ళుగా నేను ఆ ఊఁ తోనే మాట్లాడుతున్నాను. కిందటి నెల చూద్దామని మాట మధ్యలో ఆపేశాను. నేను ఆపేశాక కూడా ఊఁ అన్నారు. మీ ఇంట్లో మీ మాట వినే ఆ మనిషికి నా నమస్కారం చెప్పండి. ఇట్లు, మీ చెల్లెలు.’

ఆయన లేచి నిలబడ్డాడు. నెత్తికి మెట్టు ఠంగున తగిలింది. నొప్పి తెలియలేదు. ఇరవై మూడేళ్ళుగా ఊరి మాట వింటున్నానని ఛాతీ విరుచుకున్న మనిషికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఎదురుగా గోడ మీద ఆ నాలుగు గళ్ళు, ఆ వంకర బాణం. దాని వైపు చూడలేక ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన అన్నం కలిపి ముద్ద ఎత్తకుండా కూర్చున్నాడు.

"నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు.

"ఊఁ" అంది ఆవిడ, గరిటె కడుగుతూ.

"నవ్వకు."

"ఊఁ."

"కోప్పడకు కూడా."

"ముందు చెప్పండి, తర్వాత చూద్దాం."

ఆయన కళ్ళు మూసుకుని, "ఆ ‘ఒక గృహిణి’ ఉంది చూశావూ, అది నేనే" అని ఒక్క ఊపిరిలో అనేశాడు.

ఆవిడ గరిటె పక్కన పెట్టి, ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

"మీరా? మీరెప్పుడు బిందె పట్టారు?"

"పట్టలేదు. ఊరికే రాశాను."

"మీరెప్పుడు రెండో సగం సినిమా చూశారు?"

"చూడలేదు."

"మరి మీరెలా అవుతారండీ? ఆ మాటలు నావి. ‘ఒక గృహిణి’ నేను" అంది. ఆ అనడంలో కోపం లేదు. సామాను చీటీలో తప్పు దిద్దినంత మామూలుగా అంది. "శుక్రవారం ఎన్నింటికి రమ్మన్నారు?"

ఆయనకు శుక్రవారం సంగతి ఈవిడకెలా తెలిసిందని అడగాలనిపించింది గానీ, ఆ పూటకు తనకు అడిగే హక్కు లేదనుకున్నాడు. "ఆరింటికి" అన్నాడు. ఆవిడ లేచి వెళ్ళి బీరువాలోంచి కుళాయి పుస్తకం తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి సంచిలో వేసుకుంది.

శుక్రవారం ఆరింటికి పత్రికాఫీసులో ఇంజనీరు, సంపాదకుడు, ఫొటో తీసేవాడు సిద్ధంగా ఉన్నారు. ముందుగా వచ్చింది పక్కింటి దర్జీ ఆవిడ. "ఆ ఉత్తరం నాదేనండీ, పేరు పెట్టుకోలేదు గానీ" అని కుర్చీలో కూర్చుంది. ఆవిడ వెనకే ఒక రిటైరైన హెడ్ మిస్ట్రెస్ వచ్చి, "అర్జీ ఎక్కడ? నేనే రాశాను. సంతకం పెట్టి వెళ్తాను" అంది. మూడోసారి తలుపు తెరుచుకునేసరికి సంపాదకుడు లేచి నిలబడ్డాడు. వచ్చింది ఆయన భార్య.

"నాకు తెలుసు! నాకు అప్పుడే తెలుసు!" అన్నాడు ఆయన.

"తెలిస్తే అప్పుడే బకెట్టు పట్టొచ్చుగా" అందావిడ. శుక్రవారం సంగతి ఆ ఇంట్లోంచి బయల్దేరి, దర్జీ ఆవిడ మీదుగా తన ఇంటి దాకా ఎలా వచ్చిందో ఉత్తరాలాయనకు అప్పుడు తట్టింది.

నాలుగో మనిషిగా ఉత్తరాలాయన భార్య సంచి పట్టుకుని లోపలికి వచ్చి, అందరికీ నమస్కారం పెట్టి చివరి కుర్చీలో కూర్చుంది. ఉత్తరాలాయన మెట్ల కింద కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాడు.

ఇంజనీరు తల పట్టుకున్నాడు. "ఒకావిడ అన్నారు, నలుగురొచ్చారు. సరే, ఒక ప్రశ్న అడుగుతాను. నిజంగా రాసినవాళ్ళకు తెలుస్తుంది. రెండుంబావుకు నీళ్ళు వదలగానే మొదట వచ్చేవి ఎలా ఉంటాయి?"

"ఎర్రగా" అన్నారు నలుగురూ ఒకేసారి.

"రెండు బిందెలు పారబోయాలి" అంది దర్జీ ఆవిడ.

"మూడు" అంది హెడ్ మిస్ట్రెస్. "మీ పైపులు మార్చి ఎన్నాళ్ళయింది?"

ఇంజనీరు ముఖం కూడా ఆ నీళ్ళ రంగుకు తిరిగింది. అప్పుడు ఉత్తరాలాయన భార్య నోరు విప్పింది.

"ఎవరు రాస్తే ఏమిటండీ? మా వీధులన్నిటికీ నీళ్ళు రెండుంబావుకే కదా వస్తున్నాయి. పేరు పెట్టలేదంటే అందరిదీ అనేగా అర్థం. ఆ అర్జీ ఇలా ఇవ్వండి, నలుగురం పెడతాం" అని కుళాయి పుస్తకం తీసి నంబరు రాసి మొదటి సంతకం పెట్టింది. మిగతా ముగ్గురూ వరుసగా పెట్టారు. ఇంజనీరు బతికిపోయానన్నట్టు కాగితం లాక్కున్నాడు.

మర్నాడు మొదటి పేజీలో నలుగురి ఫొటో పడింది. కింద మాట రాయమని ఉత్తరాలాయనకే ఇచ్చారు. ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో ఆయన సొంతంగా రాసిన ఒక్క నిజమైన వాక్యం అదే: ‘‘ఒక గృహిణి’, ఎడమ నుంచి నలుగురూ.’

మాట ప్రకారం వారంలో వేళ మారింది. నీళ్ళు పొద్దున ఆరున్నరకు రావడం మొదలైంది. పొద్దెక్కి లేచేవాళ్ళు తిట్టుకున్నారు, వాళ్ళ సంగతి వేరే. అది మారిన నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన చెయ్యి కడుక్కుని, "ఇవాళ సినిమాకు వెళ్దాం పద. నేనూ వస్తాను" అన్నాడు. ఆవిడ ఆయన నుదురు తాకి చూడలేదు గానీ, చూడాలనుకున్నట్టు మాత్రం కనిపించింది.

ఇద్దరూ బయల్దేరారు. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుంది, కొంగు పొడిగా ఉంది. సగం దారిలో ఆయన చేతి గడియారం చూసుకుని ఒక్కసారి కంగారు పడ్డాడు.

"అయ్యో, రెండూ ముప్పై అయిదు! నడు, నడు. మొదలైపోయింది. ఎనిమిదేళ్ళ తర్వాత పూర్తి సినిమాకు వెళ్తూ ఇవాళ కూడా మొదలు పోగొట్టుకుంటావు."

ఆవిడ వేగం పెంచలేదు. "కాలేదులెండి. ఇంకా అయిదు నిమిషాలుంది."

"నీకేం తెలుసు? ఇది పోస్టాఫీసు గడియారంతో పెట్టుకున్న వేళ!"

"అందుకే అంటున్నాను" అందావిడ. "ఆ గడియారం పది నిమిషాలు ముందుంది."

"నువ్వేగా వెనకబడిందన్నావు?"

"అబద్ధం చెప్పాను."

ఆయన నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. వెనక సైకిలువాడు గంట కొట్టాడు.

"పేపర్లో ‘ఒక గృహిణి’ రాసినవన్నీ నేను అన్న మాటలే. మీరేమో నేను చెప్పేది వినరు. ఇదెలాగా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. సరే, లేనిదొకటి చెప్పి చూద్దామని, సరిగ్గా నడిచే గడియారం వెనకబడిందని మీకొక్కరికే చెప్పాను. మూడో రోజు పేపర్లో పడింది. అప్పటికి తెలిసిపోయింది."

"మరి పోస్టుమాస్టరు? సరైన గడియారాన్ని ఎలా తిప్పాడు?"

"ఆయన ఫోనూ సరిగానే చూపిస్తోందట, గడియారమూ సరిగానే ఉందట. కానీ పేపర్లో పడ్డాక కాదనడానికి తనెంతవాడినని తిప్పేశాడట. పాపం, రోజూ తిట్లు తింటున్నాడు. సోమవారం తప్పయిందని ఉత్తరం రాస్తాను. ఈసారి కింద నా పేరే పెడతాను, ఇంటి నంబరుతో సహా."

ఆయనకు ఒక్కొక్కటే తట్టుకుంటూ వచ్చింది. కుళాయి సంగతి ఆ రోజు ఆవిడ ఎందుకంత ఆగి ఆగి చెప్పిందో, అక్కయ్యగారికని ఆ ఉత్తరం నిజానికి ఎవరికి రాసిందో. పంపేవాణ్ణనీ, వంకర బాణాన్ననీ అనుకున్నాడు. తీరా చూస్తే ఆవిడ మాట పోవడానికి పనికొచ్చిన గొట్టం తను.

"నాలుగు నెలల నుంచి తెలిసీ ఒక్క మాట అనలేదేం?" అన్నాడు. గొంతులో నిష్ఠూరం కంటే బాధే ఎక్కువ వినిపించింది.

"నీళ్ళ సంగతి ఎనిమిదేళ్ళు మా ఆయనకు చెప్పాను, ఏమీ కాలేదు. ‘ఒక గృహిణి’కి చెప్పాను, నెల తిరక్కుండా అయింది." ఆవిడ మళ్ళీ నడక మొదలుపెట్టింది. "తెలుసని చెప్తే మీరు ఆ వినడం కూడా మానేస్తారేమోనని భయమేసిందండీ."

హాలు వచ్చింది. గేటు దగ్గరి ముసలాయన ఆవిడను చూసి, "రెండో సగం అమ్మగారూ, ఇంకా మొదలే కాలేదమ్మా, ఇప్పుడే వచ్చేశారేమిటి!" అని కంగారు పడ్డాడు. "ఇవాళ పూర్తి సినిమా" అందావిడ.

లోపల దీపాలు ఆరాయి. పేర్లు పడటం మొదలైంది. ఆవిడ ప్రతి పేరూ చదివింది, బుగ్గలకు రంగు వేసినవాడి పేరు కూడా వదల్లేదు. ఇరవై నిమిషాలకు హీరో తమ్ముడు చేసిన తప్పు నెత్తిన వేసుకుని జైలుకు వెళ్ళాడు. ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసిన కారణం అది.

"ఇందుకా?" అంది ఆవిడ పైకే. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ గొంతు తగ్గించి ఆయన వైపు వంగింది. "ఇంతేనా? నేను అల్లుకున్న కారణం ఇంతకంటే ఎంత బాగుంటుందో తెలుసా?"

ఆయన ఊఁ అనలేదు. "ఏమిటది?" అన్నాడు.

ఆవిడ ఒక్క క్షణం ఆయన ముఖం వంక అనుమానంగా చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. జైలు హీరోలకు అల్లుకున్నదే కాదు, అంతకు ముందు చూసినవాటికి అల్లుకున్నవీ, హీరోయిన్లు అలిగిన కారణాలూ, ఎనిమిదేళ్ళ మొదటి సగాలన్నీ చెప్పుకుంటూ పోయింది. విరామం గంట మోగింది, మళ్ళీ దీపాలు ఆరాయి, ఆవిడ ఆపలేదు. ఆయన తెర వైపు వీపు పెట్టి, ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాడు. జేబులో చీటీ ఉంది, దాని జోలికి పోలేదు. ఆ సినిమా రెండో సగంలో ఏం జరిగిందో ఆయనకు ఈనాటికీ తెలియదు.